మెడలో తాళంకప్ప

అనగనగా అన్నాను, ఊ కొట్టండి. మీరు ఊ కొట్టకపోతే నేను చెప్పను. అసలే చెప్పే ఓపిక అంతంత మాత్రం. ఏ రాజు కాలంలో, ఏ ఏటి ఒడ్డున అని మధ్యలో అడ్డు రాకండి. చాలా పాతకాలం, చాలా దూరదేశం, అంతే.

ఆ దూరదేశంలో బీగాలదుర్గం అనే పట్నం ఉండేది. అక్కడ తాళం వెయ్యని వస్తువంటూ లేదు. ధాన్యపు గాదెకు తాళం, గొడ్లసావిడికి తాళం, ఆవకాయ జాడీకి తాళం. ఒకావిడ పూలసజ్జకు కూడా తాళం వేసిందని చెప్పుకుంటారు గానీ నేను నమ్మను. ఇన్ని తాళాలున్న ఊళ్ళో తాళంచెవులు పోకుండా ఉంటాయా? పోయేవి. బావిలో పడేవి, గడ్డితోపాటు గేదె నోట్లోకి వెళ్ళేవి, అత్తగారి కొంగున ఉండిపోయి ఆవిడతోపాటు కాశీకి పోయేవి.

అందుకని ఆ ఊళ్ళో తాళంచెవి లేకుండా తాళం తీసే విద్య ఒకటి పుట్టింది. ఆ విద్య చేపట్టినవాళ్ళను కడ్డీవాళ్ళు అనేవారు. వాళ్ళ పనిముట్లు రెండే రెండు సన్నని ఇనుప కడ్డీలు, అందులో ఒకదాని కొన వంకర. ఇది దొంగల విద్య కాదు, మీరేమీ పొరబడకండి. సొంతదారు పిలిస్తే తప్ప ఎవరి తాళం మీదా కడ్డీ పెట్టకూడదన్నది వాళ్ళ మొదటి కట్టుబాటు. అది మంచి కట్టుబాటే.

వచ్చిన చిక్కంతా రెండో దానితోనే. విద్య మొదలుపెట్టేవాళ్ళు కడ్డీవాడలో ఉన్న పాత తాళాల కుప్ప దగ్గరికి వెళ్ళి, నచ్చిన తాళంకప్ప ఎంచుకుని, తాడు కట్టి మెడలో వేసుకోవాలి. దాన్ని తీసేదాకా మరో తాళం ముట్టకూడదు. తీసిన రోజున తాడు తెంపి, ఊరికంతా బెల్లం పంచాలి. పట్టుదల నేర్పడానికి ఏ పెద్దాయనో పెట్టిన ఆచారం, వినడానికి బాగానే ఉంది. కాని మెడలో వేలాడేది నలుగురి కళ్ళా పడుతుంది కదా. చిన్నది వేలాడితే నవ్వుతారని అందరూ పెద్దవే ఎంచుకునేవారు. ఒకడి మెడలో కోట దిడ్డి తలుపు తాళం, ఒకడి మెడలో ఏనుగులసాల తాళం, ఒకడి మెడలో ఓడ లంగరు తాళం. వాళ్ళు వీధిలో నడుస్తుంటే జనం పక్కకు తప్పుకుని, "అబ్బో, ఎంత తాళమో చూశావా" అనుకునేవారు. తీశాడా లేదా అని మాత్రం ఎవరూ అడిగేవారు కారు.

ఆ వాడలో బెల్లం పంచి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. మెడలు వంగిపోయిన మనుషులు అరుగుల మీద కూర్చుని, తాళాల గొప్పలు చెప్పుకుని, చెప్పుకుని, అలిసిపోయి ఇళ్ళకు పోయేవారు.

అదే పట్నంలో నాంచారి అనే గంపలల్లే మనిషి ఉండేది. ఆమెకు చెన్నప్ప అని ఒక అన్న. అన్నకు చెల్లెలు, చెల్లెలికి అన్న తప్ప వాళ్ళకు వెనకా ముందూ ఎవరూ లేరు. చెన్నప్ప రాజుగారి ఉప్పుకొట్టుకు కావలివాడు. ఒక మధ్యాహ్నం తలుపు తెరిచిపెట్టి కునుకు తీశాడు. ఆ కునుకులోనే పెద్ద వాన వచ్చి, ఉప్పంతా కరిగి కాలవలో కలిసిపోయింది.

రాజుకు కోపం వచ్చింది. "వీడి కాలికి ఉక్కు కడియం తొడిగి తాళం బిగించండి. వచ్చే దసరాదాకా అలాగే తిరగనివ్వండి" అన్నాడు.

దసరా వచ్చింది. రాజు మాట తప్పేవాడు కాడు, తాళం తీసేయమన్నాడు. తీరా చూస్తే, చెరసాల అధికారి ఏరు దాటుతుండగా తాళంచెవుల గుత్తి నడుమునుంచి జారి నీళ్ళపాలైందట. రాజు కాసేపు గడ్డం నిమురుకుని, "సరే, శిక్ష అయిపోయింది, ఇంటికి పో" అన్నాడు. శిక్ష అయిపోయిందని రాజుకు తెలుసు, ఊరికి తెలుసు. తాళానికే తెలియదు. చెన్నప్ప కాలీడ్చుకుంటూ ఇంటికి వచ్చాడు.

కమ్మరిని పిలిచారు. కడియం ఎముకను అంటిపెట్టుకుని ఉందనీ, సుత్తి వేస్తే ముందు పగిలేది ఎముకేననీ చెప్పి అతను సుత్తి కింద పెట్టేశాడు. ఆకురాయి పట్టి చూశాడు. ఆకురాయి అరిగింది, ఉక్కు అరగలేదు, వేడికి చెన్నప్ప కాలు మాత్రం కమిలింది. ఆ తరవాత వైద్యుడు వచ్చాడు.

"పుండు పడుతోందమ్మా" అన్నాడు ఆయన నాంచారితో. "పొడి రోజులు కాబట్టి ఇంతమాత్రంగా ఉంది. వానలు పడితే పుండు ముదురుతుంది, తాళం లోపల తుప్పు పడుతుంది. అప్పుడు తాళం ఎవరికీ లొంగదు. కాలు తీసెయ్యడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు."

నాంచారి అక్కడినుంచి అటే కడ్డీవాడకు వెళ్ళింది. ఆ వాడకు పెద్ద శరభయ్య. మెడలో ఏనుగులసాల తాళం వేలాడేది ఆయనకే. అది గుమ్మడికాయంత ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఆయన మొహం ఎప్పుడూ నేలనే చూస్తూ ఉండేది.

"తాతా, మా అన్న కాలి తాళం తీసిపెట్టండి. మీ మేలు మరిచిపోను" అంది నాంచారి.

"తీద్దునే తల్లీ. కాని మెడలోది తీయందే ఇంకోటి ముట్టకూడదు గదా" అన్నాడు శరభయ్య నేలతో.

"అది ఎప్పుడు వేసుకున్నారు?"

"మా నాయన బతికున్నప్పుడు."

"మరి ఇంకెవరినైనా పంపండి తాతా."

శరభయ్య తల ఎత్తలేక చేత్తోనే వాడంతా చూపించాడు. ప్రతి అరుగు మీదా ఒక మనిషి, ప్రతి మనిషి మెడలో ఒక తాళం. నాంచారి అందరినీ చూసింది. చూస్తుంటేనే ఆమెకు నీరసం వచ్చింది.

"అయితే నేనే నేర్చుకుంటాను" అంది.

ఇంటికి వచ్చి, కమ్మరి దగ్గర చేయించుకున్న రెండు కడ్డీలూ పట్టుకుని అన్న కాలి దగ్గర కూర్చుంది. చెన్నప్ప మెల్లగా కాలు వెనక్కి లాక్కున్నాడు.

"నా కాలి మీద నేర్చుకోకే నాంచీ. కడ్డీ లోపల విరిగిందంటే ఆ తాళానికి ఇక తాళంచెవి దొరికినా పనికిరాదు" అన్నాడు.

ఆ మాట నిజమే. నాంచారి కడ్డీలు చెంగున ముడేసుకుని మళ్ళీ కడ్డీవాడకు, తాళాల కుప్ప దగ్గరికి వెళ్ళింది. ఇక్కణ్ణుంచి ఆవిడ మూడు పొరబాట్లు చేసింది. మీరైనా అవే చేసేవారు, కాబట్టి నవ్వకండి.

మొదటిది చాలా తెలివైన పొరబాటు. కుప్పంతా వెతికి, అచ్చం అన్న కాలి తాళం లాంటిదే ఒకటి పట్టుకుంది. అదే చెరసాల కొలిమిలో, అదే చేత్తో చేసిన తాళం. దీన్ని తీయగలిగితే దాన్ని తీయగలను, నడుమ వేరే వాటితో కాలయాపన దేనికి అనుకుంది. తాడు కట్టి మెడలో వేసుకుంది. అరుగుల మీదివాళ్ళు, "గంపలమ్మ మంచి తాళమే ఎంచుకుంది" అని మెచ్చుకున్నారు.

తాళం లోపల నాలుకలని ఉంటాయి. సన్నని ఇనుప రేకులు. తాళంచెవి లోపలికి పోయి ఒక్కో నాలుకనూ దానికి తగినంత ఎత్తుకు లేపితే తాళం తెరుచుకుంటుంది. తాళంచెవి లేనివాళ్ళు ఆ పనే కడ్డీలతో చేయాలి. ఒక కడ్డీతో తాళాన్ని తిరగమని మెల్లగా నెడుతూ, వంకర కడ్డీతో నాలుకలను ఒక్కొక్కటే లేపాలి. గట్టిగా నెడితే నాలుకలు బిగుసుకుంటాయి. నెట్టకపోతే లేచినవి లేచినట్టే జారి పడతాయి. ఆ తాళానికి అలాంటి నాలుకలు ఐదు.

నాంచారి పొద్దున్న కూర్చుంటే సాయంకాలందాకా కూర్చునేది. గంపలు అల్లే వేళ్ళు కదా, ఓర్పుకు లోటు లేదు. కాని ఏ నాలుక లేచిందో, ఏది పడిందో, తను గట్టిగా నెడుతోందో మెత్తగా నెడుతోందో ఆమెకు తెలిసేది కాదు. తెరుచుకునే తాళం ఎలా ఉంటుందో చేతికి తెలిస్తే గదా తెరుచుకోనిది ఎందుకు తెరుచుకోలేదో తెలిసేది. చలికాలం వెళ్ళిపోయింది. మెడ నొప్పి మొదలైంది. నిద్రలో కూడా ఆమె వేళ్ళు కదులుతూనే ఉండేవి. తాళం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఒకరోజు ఆమె కడ్డీవాడ నడివీధిలో నిలబడి మెడలోంచి తాడు తీసేసింది. అరుగుల మీద అందరూ నోళ్ళు తెరిచారు. ఎంతో ప్రయాస మీద శరభయ్య లేచి వచ్చాడు.

"తీయకుండా తాడు విప్పుతావా? మన వాడలో అట్లా చేసినవాళ్ళు లేరే. ఆచారం ఏం కావాలి?"

"ఆచారానికి కాళ్ళు లేవు తాతా. మా అన్నకున్నాయి" అంది నాంచారి.

శరభయ్య మళ్ళీ తన అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. వాదించే ఓపిక ఆయనకూ లేదు. వీధి పొడుగునా నవ్వులు వినబడుతుంటే నాంచారి తల దించుకుని ఇంటికి పోయింది. ఆ విప్పిన తాళాన్ని పారెయ్యక గంపలో అడుగున పడేసింది.

రెండో పొరబాటు ఇంకో వైపుది. కష్టమైనది లొంగలేదు కదా, అన్నిటికన్నా సులువైనది పట్టుకుందాం అనుకుంది. పొరుగింటి ముసలమ్మ పారేసిన ఆవకాయ జాడీ తాళం అడిగి తెచ్చుకుంది. అది ఎంత అరిగిపోయిందంటే, కడ్డీ పెట్టి అటూ ఇటూ ఆడిస్తే చాలు, టక్కున ఊడిపోయేది. చీపురుపుల్లతో ఊడేది. ఒకసారి పొరపాటున కిందపడితే దానంతట అదే ఊడింది. నాంచారికి ప్రాణం లేచి వచ్చింది. మూసేది, ఆడించేది, తీసేది. ఇక విద్య పట్టుబడిందని మురిసిపోయింది. పాపం, అన్నాళ్ళ తరవాత ఒక తాళం తెరుచుకుంటే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. కాని ఆమె చేతికి వచ్చింది తాళాన్ని ఊపడమే. నాలుకను లేపడం రాలేదు.

ఆ సంతోషంలోనే మూడో పొరబాటు జరిగింది. ఇప్పుడు మధ్యరకం తాళం ఒకటి కావాలి. దూరం పోవడం దేనికి, మన వీధితలుపుకు ఉన్నదే నికరమైన తాళం కదా అనుకుంది. పొయ్యి మీద అన్నం పడేసి, అన్నను అరుగు మీద కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి తాళం బిగించింది. తాళంచెవి నా కొంగునే ఉంది, భయమేముంది అనుకుంది. కడ్డీ పెట్టి, జాడీ తాళాన్ని ఊపినట్టే గట్టిగా ఊపింది.

లోపల ఏదో పటుక్కుమంది.

కడ్డీ బయటికి రాలేదు. లాగితే సగమే వచ్చింది. తాళంచెవి పెడితే లోపలికి పోలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. కాసేపటికి ఇంట్లోంచి అన్నం మాడిన వాసన మొదలై, వీధంతా వ్యాపించింది. వచ్చినవాడల్లా, "ఏం మాడుతోంది?" అని అడగడం, చెన్నప్ప ఓపిగ్గా, "మా అన్నం" అని చెప్పడం. చివరికి ఎదురింటి కుమ్మరి పెంకులు ఊడదీసి, కప్పులోంచి లోపలికి దిగి, పొయ్యి ఆర్పి, పెరటి తలుపు తీశాడు. అన్నం కుండ నల్లగా పగిలిపోయి ఉంది.

నాంచారి గోడకు ఆనుకుని కూలబడింది. "అన్నా, ఇది నీ కాలి మీద చేసి ఉంటే?" అంది.

"చెయ్యలేదుగా" అన్నాడు చెన్నప్ప. చెల్లెలి పక్కకు జరిగి, "నువ్వు పడ్డ పాట్లు చాలే నాంచీ. ఇక వదిలెయ్. కాలు పోతే పోయింది. కర్రతో నడిచేవాళ్ళు లోకంలో లేరా" అన్నాడు.

ఆ మాట అతను కోపంగా అన్నా బాగుండేది. అలిసిపోయి అన్నాడు. నాంచారి అక్కడ కూర్చోలేక లేచి, కాళ్ళు ఎటు తీసుకుపోతే అటు నడిచింది. అవి కడ్డీవాడకు, తాళాల కుప్ప దగ్గరికే తీసుకుపోయాయి. మండుటెండలో వాడలో ఎవరూ లేరు. ఆమె కుప్ప పక్క గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ఆ కుప్పలో ఒక ముసలి బల్లి కాపురం ఉండేది. అది టిక్ టిక్ మంది. నాంచారి కదల్లేదు. మళ్ళీ టిక్ టిక్ మంది.

"ఇది మంచి శకునమా, చెడ్డదా?" అంది నాంచారి కళ్ళు తెరవకుండానే.

"ఏదీ కాదు. మాట్లాడుతున్నాను" అంది బల్లి. "ఈ వాడలో పుట్టి ముసలిదాన్నయ్యాను. తాళం ఎంచుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చెబుతూనే వచ్చాను. అది వద్దురా, మోయలేవు. అది వద్దురా, లోపలంతా తుప్పు. అందరూ శకునం అనుకుని దణ్ణం పెట్టి పోయారు గాని, మాట అనుకున్నవాడు లేడు. పలికి పలికి నాకు విసుగెత్తింది. నీకు ఏం పలికానో అడిగే ఓపికైనా ఉందా?"

"అడిగే ఓపిక లేదు. వినే ఓపిక ఉంది. చెప్పు."

"తాళాల లోపల నిద్రపోయేదాన్ని, నాకు వాటి కడుపులు తెలుసు. నువ్వు ఎంచుకున్నవాటిలో ఒకటి నీకు ఏమీ చెప్పలేదు, ఒకటి అబద్ధం చెప్పింది, ఒకటి నీ ఇంటికి కావలి కాస్తోంది. కావలి కాసేవాణ్ణి కుస్తీకి పిలవకూడదమ్మా. మీ ఇంట్లో దేనికీ కావలి కాయని తాళం ఉందా? నీ సొంతది? తుప్పు పట్టనిది, దాని తాళంచెవి దాని దగ్గరే ఉన్నది?"

నాంచారి ఆలోచించింది. "మా నాయనమ్మ తమలపాకుల పెట్టెది ఉంది. చిటికెన వేలంత. ఆవిడ పోయాక పెట్టె ఖాళీ. అది మరీ చిన్నది. చూస్తే నవ్వుతారు."

"నవ్వేవాళ్ళు ఇప్పటికే నవ్వేశారు కదా" అంది బల్లి, మాటలు చాలన్నట్టు పగుల్లోకి దూరిపోయింది.

నాంచారి ఇంటికి పోయి, అటకమీంచి పెట్టె దించింది. ఆ బుల్లి తాళానికి ఒకటే నాలుక. కమ్మరి చేత విరిగిన కడ్డీకి బదులు కొత్తది చేయించుకుని, ఆ తాళం పక్కరేకు ఊడదీయించి, తాళంచెవి తిప్పుతూ లోపలికి చూసింది. నాలుక ఎంత లేస్తోందో, ఎక్కడ ఆగుతోందో, మొట్టమొదటిసారి కంటితో చూసింది. తరవాత రేకు బిగించి, కళ్ళు మూసుకుని కడ్డీలు పెట్టింది. సాయంకాలానికి అది తెరుచుకుంది. ఎందుకు తెరుచుకుందో కూడా ఆమెకు తెలిసింది. గట్టిగా నెట్టి చూసింది, బిగుసుకుంది. వదిలి చూసింది, జారింది. ఎందుకు తెరుచుకోలేదో కూడా తెలిసింది. ఆమె దాన్ని మెడలో వేసుకోలేదు, గుప్పిట్లో పట్టుకుని తిరిగింది.

ఆ తాళం చేతికి అలవాటై, చూడకుండా వచ్చేస్తోందని తోచిన రోజున దాన్ని పక్కన పెట్టి, కుప్పలోంచి రెండు నాలుకల తాళం తెచ్చుకుంది. ఒకే తాళంతో కూర్చుంటే వేళ్ళు ఆ తాళాన్నే నేర్చుకుంటాయి, తాళాలను నేర్చుకోవు. రెండు నాలుకలవి వేర్వేరు చేతుల్లో చేసినవి కొన్ని తీశాక మూడు నాలుకలది, ఆ పైన నాలుగు నాలుకలది. ఒక్కొక్కటీ తెచ్చుకునే ముందు కుప్ప దగ్గర చెవి పెట్టి వినేది. తుప్పుదైతే బల్లి టిక్ మనేది, మంచిదైతే ఊరుకునేది. ఏదైనా మొండికేస్తే దాన్ని పట్టుకుని వేలాడేది కాదు. ఒక మెట్టు దిగి, తేలికదాన్ని కాసేపు తీసుకుని, మళ్ళీ ఎక్కేది.

ఇదంతా చెప్పడానికి మూడు మాటలు, చెయ్యడానికి ఎండాకాలమంతా పట్టింది. వేళ్ళకు కాయలు కాశాయి. గంపలు సరిగ్గా అల్లక ఇల్లు గడవడం కష్టమైంది. చెన్నప్ప కాలు కడియం దగ్గర ఉబ్బింది, రంగు మారింది. అతను రోజూ ఆకాశం వైపు చూసేవాడు, చూడనట్టు నటించేవాడు.

ఒక పొద్దున ఈశాన్యాన మబ్బు లేచింది. వైద్యుడు వచ్చి కాలు చూసి, "ఇక ఆగకూడదమ్మా. రేపు నా కత్తులు తెచ్చుకుంటాను" అన్నాడు.

నాంచారి గంప బోర్లించి అడుగున పడున్న ఐదు నాలుకల తాళం తీసింది. చలికాలమంతా తన మెడ వంచిన తాళమే అది. కడ్డీలు పెట్టింది. మొదటి నాలుక ఎక్కడుందో చెప్పింది, రెండోది చెప్పింది. పొయ్యి మీద ఎసరు మరిగేలోపు తాళం తెరుచుకుంది. తాళం మారలేదు, ఆవిడే దాని దగ్గరికి దారి తెలుసుకుని వచ్చింది. మూసి మళ్ళీ తీసింది. అప్పుడు లేచి వాకిట్లో కూర్చున్న అన్న దగ్గరికి వెళ్ళింది.

"కాలు చాపన్నా" అంది.

ఈసారి చెన్నప్ప కాలు వెనక్కి తీసుకోలేదు.

సంగతి ఎలా పాకిందో, కడ్డీవాడవాళ్ళంతా తాళాలు మోసుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడ్డారు. గాలి లేచింది. నాంచారి కడ్డీ పెట్టింది. ఒక నాలుక లేచింది, రెండు, మూడు, నాలుగు. ఐదోది లేవలేదు. చిటపట చినుకులు మొదలయ్యాయి. ఒక్క తోపు తోస్తే లేస్తుందేమో అనిపించింది ఆమెకు. ఆ తోపు వీధితలుపు తాళానికి ఏం చేసిందో వేళ్ళకు గుర్తుంది. ఆమె చెయ్యి వదులు చేసింది. లేచిన నాలుగు నాలుకలూ జారి పడిపోయాయి.

"ఏమైంది?" అన్నాడు చెన్నప్ప.

"ఏం కాలేదన్నా. మళ్ళీ మొదటినుంచి తీస్తున్నాను."

రెండోసారి మూడింటి దగ్గర ఆగింది. మళ్ళీ వదిలేసింది. గుంపులో ఎవరో, "ఎన్నిసార్లు వదులుతుంది, గట్టిగా పట్టాలి గాని" అని గొణిగారు. నాంచారి వినిపించుకోలేదు. చెంగుతో తాళం మీది చినుకులు తుడిచింది. తమలపాకుల పెట్టె తాళాన్ని ఎంత మెల్లగా పట్టుకునేదో అంతే మెల్లగా పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది వెంట్రుకవాసి కదిలి, లేచి, నిలబడింది.

తాళం తెరుచుకుంది. కడియం రెండుగా విడిపోయి నేల మీద పడింది. దాని కింద చర్మం తెల్లగా పాలిపోయి, పుండు పడి, చూడలేనట్టు ఉంది. కాని కాలు కాలుగానే ఉంది.

చెన్నప్ప లేచి ఒక్క అడుగు వేశాడు. బరువెత్తడానికి అలవాటుపడ్డ కాలు, బరువు లేదని తెలియక, మోకాలిదాకా లేచిపోయింది. తూలి పడబోయి చెల్లెలి భుజం పట్టుకున్నాడు. ఇద్దరూ ఆ వానలో నిలబడి ఏడ్చారు. ఆ ఏడుపు ఎందుకో నేను మీకు చెప్పక్కర్లేదు.

రాజుకు కబురు వెళ్ళింది. ఆయన ఎంతో సంతోషించి, కోట సింహద్వారపు తాళాన్ని పట్టుతాడుతో పళ్ళెంలో పెట్టించి పంపాడు. అంత తాళం ఎవరి మెడలోనూ లేదు. నాంచారి దానికి దణ్ణం పెట్టి, "మహారాజుగారి దయ. నా మెడ ఖాళీగానే సుఖంగా ఉంది" అని తిప్పి పంపేసింది.

వాన వెలిశాక ఒక సాయంకాలం శరభయ్య ఆమె వాకిట్లోకి వచ్చాడు. రెండు చేతులతో ఏనుగులసాల తాళాన్ని మెడలోంచి తీసి అరుగు మీద పెట్టాడు.

"అమ్మాయీ, ఆ చిన్నది ఉందే, తమలపాకుల పెట్టెది. అది ఒకసారి ఇస్తావా?" అన్నాడు.

నాంచారి లోపలికి పోయి తెచ్చిచ్చింది. కడ్డీ ఎలా పట్టాలో చూపించింది. ఆయన అలాగే పట్టుకున్నాడు. అలా ఎంతసేపు కూర్చున్నాడో. దీపాలు పెట్టే వేళకు ఆ బుల్లి తాళం టిక్కున తెరుచుకుంది. ఆ చప్పుడు ఆయన తన చేతుల్లో వినడం అదే మొదలు. జీవితమంతా తాళాలవాడని పేరు మోసిన మనిషి, చిటికెన వేలంత తాళాన్ని అరచేతిలో పెట్టుకుని చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఇది ముందే పట్టుకుని ఉంటేనా" అన్నాడు.

ఆయన లేచి ఇంటికి నడిచాడు. మెడలో ఇప్పుడు ఏ బరువూ లేదు. అయినా మెడ నిటారు కాలేదు. ఇన్నాళ్ళు వంగిన మెడ అలాగే వంగి ఉండిపోయింది. కడ్డీవాడలో కుప్ప దాటుతుంటే వెనకనుంచి బల్లి పలికింది, ఆయన శకునం అనుకోకుండా ఆగి విన్నాడు.

కథ అయిపోయింది, ఇక నన్ను నిద్రపోనివ్వండి. పోయేముందు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: అలవికాని తాళం మెడకు బరువు, అలవైన తాళం చేతికి గురువు.